రాణిగంజ్‌లో రెండు డబ్బాలు

కౌంటర్ మీద రెండు డబ్బాలు పెట్టాడు గౌసుద్దీన్.
ఒకటి నీలం, ఒకటి ఎరుపు.
మధ్యలో అతని చాయ్ గ్లాసు.

నీలం పద్దెనిమిది వందలు, బండితో వచ్చిన రకమే.
ఎరుపు ధర చెప్పే ముందు
ఒక గుక్క తాగాడు.

నాకేం కావాలో నాకు తెలుసు.
శంషాబాద్ దాటాక, జొన్నచేల మధ్య,
నెలకో ఆదివారం అద్దెకిచ్చే ట్రాక్ మీద
తొమ్మిదో రౌండులో
పెడల్ కాలి కింద గట్టిగానే ఉంది,
కారే మాట వినలేదు.
ఎంత తొక్కితే అంత మౌనం.
టైర్ల గోడ దగ్గరికొచ్చింది,
దాని మీద సున్నంతో రాసిన నంబరు
చదవగలిగేంత దగ్గరికి.
మూడు రోజులు ముక్కులోంచి పోలేదు ఆ వాసన:
కాలిన వెంట్రుకలూ, ఇనుమూ,
అడుగంటిన పాలూ.

అందుకే చెయ్యి ఎరుపు వైపు పోయింది.
ఆరొందల డిగ్రీల్లోనూ పట్టు వదలదట.
"అట్లాంటి మనుషులంటే నాకిష్టం" అన్నాను.
గౌసుద్దీన్ నవ్వలేదు.

"ఇల్లెక్కడ మేడమ్?"
మలక్‌పేట.
"పొద్దున ఎన్నింటికి బండి తీస్తరు?"
ఆరున్నరకి. ల్యాబులో మొదటి షిఫ్టు.
"గల్లీల నుంచి ఎల్లంగనే
ఫస్ట్ మలుపు కాడ ఏముంటది?"

ఏముంటుంది?
పదకొండేళ్లుగా తిరుగుతున్న మలుపు.
ఇరానీ హోటల్ ముందు నీళ్లు చల్లుతుంటారు.
పాలప్యాకెట్ల ట్రే నెత్తిన పెట్టుకుని
ఒక పిల్లాడు, ఎప్పుడూ రాంగ్ సైడు నుంచే.
మెడలో ఎవరిదో పాత స్కూలు టై వేసుకున్న మేక.
ఎనిమిది మంది పిల్లలూ
బయటికి వేలాడే పద్నాలుగు సంచులూ ఉన్న ఆటో.

ఎరుపు డబ్బా మీద గోటితో కొట్టాడు.
"ఇది వేడెక్కితే పులి.
చల్లగున్నప్పుడు దీనికి నిద్రమత్తు.
మీరు మలుపు కాడికి వచ్చేసరికి
ఇంకా పండుకునే ఉంటది."

పోయిన మాఘంలో, సుజాత చెల్లెలి పెళ్లిలో
షామియానా అంటుకున్నప్పుడు
మూడొందల మందిని వెనక గేటు నుంచి నడిపించింది నేనే,
గొంతు కూడా పెంచకుండా.
అదే నేను నిన్న పొద్దున
మూత పెట్టని టూత్‌పేస్టు దగ్గర
ఆగలేకపోయాను.
ఏమేం అన్నానో
మధ్యాహ్నం ల్యాబులో, ఎవరిదో రక్తం గుంజుతూ
గుర్తుచేసుకున్నాను.

గౌసుద్దీన్ కి ఇవన్నీ చెప్పలేదు.
అతనే వంగి, బల్ల కిందనుంచి
రంగు వెలిసిన మూడో డబ్బా తీశాడు.
"రెండింటికి నడిమిది.
కొంచెం అరుస్తది. చక్రాలు నల్లగ చేస్తది.
డిస్కును కూడ ఇంత తింటది."
మరి ట్రాక్ మీద?
"ఆరు రౌండ్లు కొట్టున్రి. ఒకటి మెల్లగ తిరుగున్రి.
మల్ల కొట్టున్రి.
తొమ్మిది ఎందుకు?"

తొమ్మిది ఎందుకు.
జవాబు లేక డబ్బులు లెక్కపెట్టాను.

ఆ రాత్రి పదకొండు దాటాక
నాగోలు అవతల ఖాళీ రోడ్డు మీద
ఎనభై నుంచి ఇరవైకి, పది సార్లు.
పూర్తిగా ఆగొద్దని చెప్పాడు.
వేడి మీద తొక్కిపట్టి నిలబెడితే
డిస్కు మీద అచ్చు పడిపోతుందట,
ఇక ఎప్పుడు తొక్కినా కాలి కింద వణుకే.
తర్వాత ఇరవై నిమిషాలు
బ్రేకు జోలికి పోకుండా ఊరికే నడపాలి.
పది సార్లు తొక్కడం ఏం కష్టం కాదు.
ఈ ఇరవై నిమిషాలే.
సిగ్నళ్లన్నీ పసుపుపచ్చగా కళ్లార్పుతున్నాయి.
కిటికీ దించి, పాదాన్ని ఏం చేయాలో తెలియక
అట్లా గాల్లో పెట్టుకుని
మూసీ వాసన వచ్చేదాకా వచ్చాను.

పొద్దున ఆరున్నర.
మలుపు.
రాంగ్ సైడు నుంచే వచ్చాడు.
బండి కెవ్వున అరిచి ఆగింది.
హోటల్ ముందు నీళ్లు చల్లే చెయ్యి ఆగింది,
మేక తల తిప్పింది.

"ఆంటీ, మీ కారు ఏడుస్తుంది" అన్నాడు పిల్లాడు
ట్రే సర్దుకుంటూ.
ఏడవనీ అన్నాను.
ఒక్క ప్యాకెట్టూ పడలేదు.